నిప్పులేని వంట

తొలకరి వానలు కురిసి నేల బాగుగా తడిసిన కొలదిదినములకు, తెల్లవారుజామున పొలముగట్లవెంట నడచువారికి పుట్టలచుట్టును తెల్లని గొడుగులు విచ్చుకొని కనబడును. ముందటి సాయంకాలమున అచట ఏమియు ఉండదు. మరునాటికి అవి వాడి, నల్లబడి, పురుగుపట్టును. ఈ ఒక్కదినపు పంటకొరకే పల్లెవారు బుట్టలు చేతబట్టి వేకువనే బయలుదేరుదురు. వీనిని మన పెద్దలు పుట్టగొడుగులని ఏల పిలిచిరో మీరెన్నడైన ఆలోచించితిరా? గొడుగువలె నుండుటచే గొడుగనిరి, సరియే. పుట్ట యను మాట యెందులకు? పుట్టమీద మొలచుటచేతనేయని చాలమంది తలంతురు. కాని పుట్టకును గొడుగునకును గల చుట్టరికము అంతకంటె లోతైనది.

పుట్టను కట్టునవి చెదపురుగులు. అవి కట్టెను, ఎండుటాకులను, గడ్డిపరకలను కొరికి లోపలికి గొనిపోవును. ఆ ఎండుసరకు వానికి సులభముగా జీర్ణము కాదు. కావున మనదేశమునందలి అనేకజాతుల చెదలు ఒక యుపాయము పన్నినవి. తాము నమిలి మ్రింగి విడిచిన పదార్థముతో నేలలోపల స్పంజివంటి మేటలను కట్టి, వానిమీద ఒక జాతి బూజును పెంచును. ఆ బూజు కట్టెలోని గట్టి పదార్థమును మెత్తబరచును. చెదలు ఆ మేటలను, వానిపై ముత్యములవలె తేలు తెల్లని గుళికలను తిని బ్రతుకును. వానలు పడినపుడు ఆ బూజే పొడవైన కాడతో మట్టిని చీల్చుకొని వెలుపలికి వచ్చి గొడుగు విప్పును. అదియే మనము కోసి తెచ్చుకొను పుట్టగొడుగు. చెదలు ఈ సేద్యమును సుమారు 3 కోట్ల సంవత్సరములనుండి చేయుచున్నవని శాస్త్రజ్ఞుల యంచనా. చెదల సాయములేకుండ ఈ జాతిని పంటగా పండించు మార్గము మానవునికి నేటికిని చిక్కలేదు.

ఐనను మరియొక జాతి విషయమున మానవుడు చెదలవంటి సేద్యమునే నేర్చినాడు. నగరములలోని కూరగాయల అంగళ్ళయందు తెల్లగా, గుండ్రముగా, చొక్కా బొత్తామువలె కనబడు పుట్టగొడుగులను మీలో కొందరు చూచియుందురు. వీనికి బొత్తాము పుట్టగొడుగులని పేరు. ఇవి పుట్టలమీద మొలచినవి కావు. వానకొరకు ఎదురుచూచినవియు కావు. గోధుమగడ్డి, తవుడు, కోళ్ళపెంట మొదలగు సామాన్యపదార్థములను ముందుగా పక్వముచేసి, ఆ పక్వమైన యెరువుమీద వీనిని పండింతురు. ఆ యెరువునకే కంపోస్టు అని పేరు. పుట్టగొడుగుల పెంపకములోని కష్టమంతయు, నేర్పంతయు ఈ కంపోస్టు చేయుటయందే కలదు. అది కుదిరినచో తక్కిన పని సుకరము. అది చెడినచో ఎంత మంచి విత్తనము చల్లినను ఫలము సున్న.

ఇంకను ముందుకు పోవుటకు పూర్వము ఒక హెచ్చరిక. అడవులలోను, గట్లమీదను మొలచు పుట్టగొడుగులలో విషజాతులు కూడ కలవు. వెండినాణెము నల్లబడినచో విషమనియు, పురుగు తిన్నదైనచో మనిషికిని మంచిదేననియు చెప్పుకొను పరీక్షలన్నియు వట్టివి. కొన్ని విషజాతులు తిన్న 6 గంటలకుగాని, 12 గంటలకుగాని తమ గుణము చూపవు. ఆలోపల విషము కాలేయమును చేరియుండును. వండినంతమాత్రమున అట్టి విషము పోదు. కావున బాగుగా నెరిగిన పెద్దలు గుర్తించి తెచ్చినవి తప్ప, తెలియని పుట్టగొడుగును నోటబెట్టరాదు. పండించిన పుట్టగొడుగుల విషయమున ఈ భయము లేదు. వాని విత్తనమేదో మనకు తెలియును గదా.

పుట్టగొడుగు మొక్క కాదు. మొక్క తన పచ్చదనముచేత ఎండను, గాలిని, నీటిని ఉపయోగించుకొని తన యన్నమును తానే వండుకొనును. పుట్టగొడుగునకు ఆ పచ్చదనము లేదు. ఇతరులు వండినదో, మిగిల్చినదో తినవలసినదే. మనము గొడుగని పిలుచునది దాని శరీరములో ఒక భాగమే. అది చెట్టునకు కాయవంటిది. అసలు శరీరము కంటికి అంతగా ఆనని తెల్లని నూలుపోగుల వల. ఆ పోగులు ఆహారములోనికి చొచ్చుకొనిపోయి, రసములను ఊర్చి, దానిని కరగించి పీల్చుకొనును. మనము తిని జీర్ణము చేసికొందుము. అది జీర్ణముచేసి తినును.

మరి ఎండుగడ్డిని తడిపి దానిపై విత్తనము చల్లినచో చాలదా? ఈ జాతికి చాలదు. తడిసిన గడ్డిలో చక్కెరలును, పిండిపదార్థములును కొంత కలవు. అవి ఎవరికైనను సుళువుగా దొరకు తిండి. గాలిలోని లెక్కలేని బూజులు, సూక్ష్మజీవులు దానికొరకు కాచుకొనియుండును. వానిలో పెక్కు గంటలలో పెరుగును. మన పుట్టగొడుగుపోగు దినములమీద పెరుగును. అట్టి పందెములో అది గెలువజాలదు. అయితే దానికొక బలము కలదు. గడ్డిలోని మిక్కిలి గట్టిపదార్థమైన లిగ్నిన్‌ను, చచ్చిన సూక్ష్మజీవుల దేహములను తినగల శక్తి దానికున్నది. దాని పోటీదారులలో పెక్కింటికి ఆ శక్తి లేదు. కాబట్టి పెంపకందారు చేయవలసిన పని యేమనగా, సుళువైన తిండినంతటిని ముందుగానే ఇతరులచేత తినిపించివేయుట. ఆ తిన్నవారి దేహములనే పుట్టగొడుగునకు భోజనముగా మిగుల్చుట. కంపోస్టు రహస్యమంతయు ఇదియే. వినుటకు కొంత క్రూరముగా తోచును గాని, అడవిలో రాలిన ప్రతి ఆకునకును జరుగునది ఇట్టిదే.

ఈ రహస్యమును ముందుగా తెలిసికొని ఎవరును పని మొదలుపెట్టలేదు. 17వ శతాబ్దిమధ్యమున ఫ్రాన్సుదేశపు పారిస్ నగర పరిసరములలో తోటమాలులు కర్బూజపాదులకు వెచ్చదనము కలుగుటకై గుర్రపు లద్దెను పరచెడివారు. ఆ మడులలో ఈ పుట్టగొడుగులు తమంత తాము మొలచుట చూచి, వానిని పెంచుట నేర్చిరి. 1707వ సంవత్సరమున టూర్నఫోర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఈ పద్ధతిని ఫ్రెంచి శాస్త్రపరిషత్తునకు వివరించెను. 19వ శతాబ్ది ఆరంభమున పెంపకము పారిస్‌లోని పాత రాతిగనులలోనికి ప్రవేశించెను. ఆ గనులలో వేసవియైనను, శీతకాలమైనను చల్లదనము సమముగా నుండును. పుట్టగొడుగునకు వెలుగుతో పనిలేదు. పాతమడిలోని ముక్కను తెచ్చి కొత్తమడిలో పెట్టుటయే ఆ కాలమున విత్తుట. దానితోపాటు రోగములును తరలివచ్చెడివి. 1894లో కోస్తాంతాన్, మాత్రుషో అను ఇరువురు శుద్ధమైన విత్తనమును సిద్ధపరచు మార్గమును చూపిరి. 1932లో అమెరికాలోని పెన్సిల్వేనియాయందు సిండెన్ అను శాస్త్రజ్ఞుడు ఉడికించిన ధాన్యపు గింజలపై ఈ పోగులను పెంచి, గింజలనే విత్తనముగా చల్లు పద్ధతిని కనుగొనెను. నేడు లోకమంతటను సాగుచున్నది ఆ పద్ధతియే.

లద్దెకు ఒక చిక్కు వచ్చినది. 20వ శతాబ్దిలో మోటారుబండ్లు గుర్రములను వీథులనుండి తొలగించెను. లద్దె కరవయ్యెను. అపుడు పెంపకందార్లు ఎండుగడ్డికి తవుడును, కోళ్ళపెంటను, నత్రజని యెరువులను చేర్చి, లద్దెకు సాటివచ్చు కంపోస్టును చేయుట నేర్చిరి. పొలములో మిగిలిన గడ్డికి ఈ పంటలో స్థానము దొరకినది ఆ విధముగా. మనదేశమున బొత్తాము పుట్టగొడుగుల పెంపకమునకు 1961లో హిమాచల ప్రదేశమునందలి సోలన్‌లో ప్రయత్నము ఆరంభమైనది. అది కొండలనడుమ నున్న చల్లని యూరు. 1983లో అచటనే పుట్టగొడుగుల పరిశోధనకొక జాతీయకేంద్రమును నెలకొల్పిరి. 1997లో సోలన్‌ను భారతదేశపు పుట్టగొడుగుల నగరముగా ప్రకటించిరి.

ఇక కుప్ప సంగతి. చిన్న పెంపకందార్లకు నేటికిని ఆధారమైన దీర్ఘపద్ధతిని చెప్పుదును. ఇది 28 దినముల పని. దీనికి యంత్రములు అక్కరలేదు. సిమెంటునేల, నీరు, పారలు, మనుషుల ఓపిక చాలును.

300 కిలోల గోధుమగడ్డిని నేలమీద పరచి రెండుదినములు మరల మరల నీళ్ళు చల్లి, పొర్లించి తడుపుదురు. గడ్డికాడపై మైనమువంటి పొర యుండుటచే అది వెంటనే నీరుపట్టదు. తడుపుటలో తొందరపడినచో లోపల పొడిగడ్డి మిగిలిపోయి, పిమ్మట ఎన్ని దినములు గడచినను మెత్తబడదు. బాగుగా తడిసిన గడ్డికి 30 కిలోల గోధుమతవుడును, 9 కిలోల కాల్షియం అమ్మోనియం నైట్రేటును, 3 కిలోల యూరియాను, కొలదిగా సూపరు ఫాస్ఫేటును, పొటాషును చేర్తురు. ఈ సరకులు పుట్టగొడుగులకొరకని మీరు తలంపవచ్చును. కాదు, ఇవి కుప్పలో పనిచేయు సూక్ష్మజీవులకు పెట్టు కూలి. గడ్డిలో కర్బనము మిక్కుటము, నత్రజని స్వల్పము. ఒకపాలు నత్రజనికి కర్బనము 80 పాళ్ళకు మించియుండును. సూక్ష్మజీవులు తమ దేహములను కట్టుకొనుటకు నత్రజని కావలెను. ఎరువులు చేర్చి ఒకపాలు నత్రజనికి కర్బనము 25 మొదలు 30 పాళ్ళుండునట్లు సరిచేసినపుడే పని చురుకుగా సాగును. నెల ముగియునప్పటికి కర్బనము వాయువుగా మారిపోగా, ఆ లెక్క సుమారు 17 పాళ్ళకు దిగివచ్చును.

అన్నియు కలిపిన పిమ్మట దానిని చెక్క అచ్చుల నడుమ కుప్పగా వేయుదురు. వెడల్పు సుమారు మీటరున్నర, ఎత్తును అంతియే. పొడవు సరకును బట్టి. కుప్ప ఇంతకంటె చిన్నదైనచో వేడి నిలువక చల్లారిపోవును. మిక్కిలి పెద్దదైనచో నడుమభాగమునకు గాలి చొరదు.

ఇచటనుండి కుప్ప తన పని తాను చేసికొనును. మరునాటికి చేయి దూర్చినచో వెచ్చగా తగులును. కొలదిదినములలో నడుమభాగమున వేడి 70 డిగ్రీలు దాటి 80 డిగ్రీలవరకు పోవును. ఆ వేడిలో చేయి నిలుపలేము. చలికాలపు ఉదయమున కుప్పనుండి దట్టమైన ఆవిరి లేచుచుండగా చూచువారికి లోపల ఎవరో పొయ్యి రాజేసినట్లే తోచును. నిప్పురవ్వయైన లేదు. మొదట సాధారణమైన వెచ్చదనములో బ్రతుకు సూక్ష్మజీవులు గడ్డిలోని చక్కెరలను తిని, ఊపిరి తీసి, వేడి పుట్టించును. ఆ వేడి తమకే తాళరానిదైనపుడు అవి నశించును. వాని స్థానమును వేడిని కోరు జాతులు ఆక్రమించును. చచ్చిన వానిని తినును. 80 డిగ్రీలవద్ద జీవులు దాదాపుగా అణగిపోయి, చక్కెరయు అమ్మోనియాయు తమలోతాము కలిసి గడ్డికి చిక్కని గోధుమవన్నె నిచ్చును. నడుమభాగము నిట్లు వండుచుండగా, దానిని చుట్టిన పొరలో 50 డిగ్రీల దాపున మరికొన్ని జాతులు హాయిగా పెరుగుచుండును. వానిలో ముఖ్యమైనవి ఆక్టినోమైసీట్లు. కుప్పను విప్పినపుడు గడ్డిమీద బూడిద చిమ్మినట్లు తెల్లని పొడలు కనబడును. అవి ఈ జీవుల గుంపులే. ఆ తెలుపును చూచి అనుభవజ్ఞుడైన పెంపకందారు సంతోషించును. కొత్తవాడు బూజుపట్టి చెడినదని భయపడును.

ఈ జీవులను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. 1930 దశకమున అమెరికాలోని న్యూజెర్సీయందు సెల్మన్ వాక్స్‌మన్ అను మృత్తికాశాస్త్రజ్ఞుడు పుట్టగొడుగుల కంపోస్టులో ఏ పదార్థము ఎట్లు మారునో, ఏ జీవి దేనిని తినునో శ్రద్ధగా పరిశీలించెను. పెంటకుప్పలో వెదకుట గొప్పవిద్వాంసునికి తగిన పనియా యని నవ్వువారెక్కడనైన ఉందురు. ఆక్టినోమైసీట్ల విషయమున ఆయన పరిచయము ఆ విధముగా పెరిగినది. 1943లో ఆయన ప్రయోగశాలలో ఆ కుటుంబమునకే చెందిన ఒక మట్టిజీవినుండి స్ట్రెప్టోమైసిన్ అను మందు లభించెను. క్షయరోగమును నయముచేయగలిగిన మొదటి సూక్ష్మజీవినాశక మందు అదియే. 1952లో వాక్స్‌మన్‌కు నోబెల్ బహుమాన మొసగిరి.

మరల కుప్పకడకు వత్తము. దానిని కదలింపక వదలినచో నడుమ గాలి అడుగంటి, ప్రాణవాయువు లేనిచోట బ్రతుకు జీవులు చేరి, సరకు నల్లగా, జిగటగా, దుర్గంధముతో నిండిపోవును. కావున దానిని తిరుగవేయవలెను. దీర్ఘపద్ధతిలో 6వ దినమున మొదటిసారి, తరువాత 10, 13, 16, 19, 22, 25, 28వ దినములలో తిరుగవేయుదురు. ఊరక కలియబెట్టుట కాదు. వెలుపలి పొరను లోపలికి, లోపలి పొరను వెలుపలికి మార్చి, ప్రతి పిడికెడు గడ్డియు ఒకమారైన నడిమి వేడిని చూచునట్లు చేయవలెను. ఎండిన చోట నీరు చిలుకరింతురు. 13వ దినమున 30 కిలోల జిప్సమును చల్లుదురు. జిప్సము సరకులోని జిగటను విరిచి, గడ్డిపోచలు ఒకదానికొకటి అంటుకొనకుండ చేయును. ఇది వినుటకు ఒక పేరా. చేయుటకు కూలీల వెన్నులు విరుగు పని. ఎనిమిదిమార్లు ఆవిరి నడుమ, కన్నులు మండించు వాసన నడుమ నిలిచి పార పట్టవలెను. గ్రంథములు ఈ మాటను సాధారణముగా చెప్పవు.

ఆ కన్నులు మండించు వాసన అమ్మోనియాది. యూరియాయు, తవుడులోని మాంసకృత్తులును విరిగి అమ్మోనియాగా మారును. సూక్ష్మజీవులు దానిని పట్టి తమ దేహములలో దాచుకొనును. మొదటి వారములలో ఆ వాసన ఘాటుగా నుండవలెను. చివరకు పూర్తిగా పోవలెను. పోనిచో విత్తనము చల్లరాదు. పుట్టగొడుగుపోగులకు అమ్మోనియా విషము. ఈ విషయమున పెంపకందారుని ముక్కే మొదటి పరికరము. తొందరపడి వాసనయుండగానే విత్తనము చల్లినచో, పుట్టగొడుగునకు బదులుగా సన్నని కాడతో, ఒకటి రెండు దినములలో కరగి సిరావలె కారిపోవు మరియొక శిలీంధ్రము మొలచును. కంపోస్టు పక్వము కాలేదనుటకు అది సాక్ష్యము. సుళువైన చక్కెరలు మిగిలిపోయినచో ఆకుపచ్చని బూజు పరచుకొనును.

సిద్ధమైన కంపోస్టు ముదురు గోధుమవన్నెతో, తడిసిన అడవినేలవంటి వాసనతో నుండును. గడ్డిపోచ లాగిన తెగవలెను. పిడికిట పట్టి గట్టిగా నొక్కినచో వ్రేళ్ళసందున తేమ మెరయవలెనే గాని నీరు కారరాదు. ఆ తేమ నూటికి 68 పాళ్ళ ప్రాంతమని ప్రయోగశాలలో కొలుతురు. పల్లెలో పిడికిలియే కొలత.

1950 దశకమున సిండెన్, హౌజర్ అను ఇరువురు ఇంకొక పద్ధతిని రూపొందించిరి. దీనిలో ఆరుబయటి పని సుమారు 10, 12 దినములతో ముగియును. పిమ్మట సరకును మూసిన గదిలోనికి చేర్చి, ఆవిరితో 58 డిగ్రీల దాపున 6 మొదలు 8 గంటలుంచుదురు. దానితో పురుగులును, రోగకారకములును నశించును. తరువాత గాలి పారించుచు, అమ్మోనియా పోవువరకు 48 డిగ్రీల దాపున కొన్నిదినములు నిలుపుదురు. ఆ వేడిలో సైటాలిడియం అను ఒక మేలుచేయు బూజు సరకునంతటిని ఆవరించును. దాని సహవాసములో పుట్టగొడుగుపోగులు త్వరగా పెరుగునని శాస్త్రజ్ఞులు గుర్తించిరి. దీర్ఘపద్ధతిలో 100 కిలోల కంపోస్టుకు 10 మొదలు 15 కిలోల పుట్టగొడుగులు రాగా, ఈ పద్ధతిలో 18, 20 కిలోలు, అంతకు మించియు వచ్చును. అయితే గదికి, బాయిలరునకు, గాలియంత్రమునకు పెట్టుబడి కావలెను. అది సమకూరని చోట్ల కొందరు పెద్దకేంద్రములనుండి సిద్ధమైన కంపోస్టును సంచులతో కొనితెచ్చుకొందురు. నా యభిప్రాయమున చిన్నవారికి అదియే మేలైన దారి.

తక్కిన పని త్వరగా చెప్పవచ్చును. 100 కిలోల కంపోస్టులో అరకిలోకు కొంచెము మించి గింజవిత్తనమును కలిపి, సంచులలో నింపి, 22 మొదలు 25 డిగ్రీల వెచ్చదనములో చీకటిగదిలో ఉంచుదురు. రెండు వారములలో గోధుమవన్నె మాసిపోయి అంతయు తెల్లబడును. అపుడు దానిపై శుద్ధిచేసిన మట్టిని నాలుగు సెంటీమీటర్ల మందమున కప్పుదురు. ఈ మట్టిలో ఆహారము దాదాపు లేదు. ఐనను అది లేనిదే గొడుగు కట్టదు. అది తడిని నిలుపును. అందులోని సూక్ష్మజీవులు గొడుగు కట్టుటకు అడ్డుపడు కొన్ని వాయువులను తొలగించును. తరువాత గదిని 15 మొదలు 18 డిగ్రీలకు చల్లబరచి, తాజాగాలి నిచ్చినచో, గుండుసూది తలలవంటి మొటిమలు లేచి, వారమునకొక కాపుగా చేతికి వచ్చును.

ఫలమెంత? 300 కిలోల గడ్డితో దీర్ఘపద్ధతిలో సుమారు 500 మొదలు 600 కిలోల కంపోస్టు తయారగును. దానినుండి 60, 70 కిలోల పుట్టగొడుగులు రావచ్చును. అందు నూటికి 90 పాళ్ళు నీరే. మిగిలిన ఎండుపదార్థములో నాలుగవవంతు దాపున మాంసకృత్తులు. పుట్టగొడుగు మాంసమునకు సాటియని, సర్వరోగములకు మందని ప్రచారము చేయువారి మాట నమ్మనక్కరలేదు. అది మంచి కూర. కోసిన పిదప ఎండలో కొంతసేపుంచినచో అందు డి విటమిను కూడ పుట్టును. వేరు ఏ పంటయు దానిని మనకట్లు ఇయ్యదు.

ఇంతకంటె గొప్పదైన విషయము ఆ గడ్డి యెక్కడిదను ప్రశ్నలో నున్నది. పంజాబు, హర్యానా రాష్ట్రములలో గోధుమగడ్డి పశువులమేత, దానికి వెలయున్నది. వరిగడ్డినో, అచటి పశువులకు అంతగా పెట్టరు. వరికోతలు ముగిసి గోధుమ విత్తుటకు నడుమ రెండు మూడు వారములే వ్యవధి. యంత్రము కోసి వదలిన గడ్డిని ఎత్తుటకు కూలి చాలక, రైతులు అక్టోబరు, నవంబరు మాసములలో పొలముననే తగులబెట్టుదురు. ఆ పొగ ఢిల్లీనగరమువరకు వ్యాపించును. నిమిషములలో మండిపోవు ఆ గడ్డితోపాటు దానిలోని నత్రజని దాదాపు అంతయు గాలిలో కలియును. కుప్పలోనైనను గడ్డి ఒకవిధముగా మండుచున్నదే. సుమారు మూడవవంతు సరకు వాయువుగా పోవుచున్నదే. కాని ఆ మంట నెలదినములు మెల్లగా సాగి, మిగిలిన భాగమును అన్నముగా పక్వము చేయును. గోధుమగడ్డిలో కొంతభాగమునకు బదులుగా వరిగడ్డిని కలిపి కంపోస్టు చేయు పద్ధతులు కూడ కలవు. వరిగడ్డి మెత్తనిది, త్వరగా అణగిపోవును. కాన తడుపుటలోను, తిరుగవేయుటలోను ఎక్కువ జాగ్రత్త కావలెను. దేశములో కాలుచున్న గడ్డియంతయు పుట్టగొడుగులకు చెల్లునని మాత్రము అనరాదు. గడ్డి రాసులు కొండంత; పుట్టగొడుగుల సంత చేరెడు.

మన తెలుగునాట సంగతి వేరు. ఇచట వరిగడ్డి వ్యర్థము కాదు. ఇంటివెనుక గడ్డివాము ఉన్నదనిన పశువులకు ఏడాది తిండి ఉన్నదని యర్థము. ఎద్దు తినదగిన గడ్డిని పుట్టగొడుగునకు పెట్టుటకు ముందు రైతు రెండుమార్లు లెక్క చూచుకొనవలెను. అయితే కోతయంత్రములు వచ్చినది మొదలు మన జిల్లాలలోను గడ్డి పొలములలోనే చిందరవందరగా మిగిలి, కొన్నిచోట్ల దగ్ధమగుచున్నది. అట్టి గడ్డికి మాత్రము ఈ దారి చూపవచ్చును.

మన యెండలకు బొత్తాము పుట్టగొడుగు తాళదు. చల్లని గదులు కట్టవలసివచ్చును. కాని వేడిని కోరు జాతులు లేకపోలేదు. వరిగడ్డి పుట్టగొడుగు 30 మొదలు 35 డిగ్రీల వేడిలో పెరుగును. దీనిని మనదేశమున పండించుటకు 1940 దశకమునందే కోయంబత్తూరులో ప్రయత్నించిరి. తడిపిన గడ్డికట్టలను పేర్చి విత్తనము చల్లినచో రెండు వారములలో కాపు వచ్చును. కంపోస్టు తప్పనిసరి కాదు. 1970 దశకమున హాంకాంగులో పత్తిచెత్తను కొలదిదినములు కంపోస్టు చేసి వాడగా దిగుబడి బాగుగా హెచ్చెను. పత్తిమిల్లులు గల మన గుంటూరు, వరంగల్లు, ఆదిలాబాదు ప్రాంతములవారు గుర్తుంచుకొనదగిన విషయమిది. పాలవలె తెల్లనైన పాలపుట్టగొడుగు మన వేసవికిని ఓర్చును. మన చలికాలమున చిప్పపుట్టగొడుగు వచ్చును. ఈ రెండింటికిని గడ్డిని తరిగి నానబెట్టి, వేడినీటిలోనో ఆవిరిలోనో శుద్ధిచేసినచో చాలును. ఇవి గడ్డిని నేరుగా తినగల గట్టి జాతులు. బొత్తాము పుట్టగొడుగువలె ఇతరులు వండి పెట్టవలెనని కూర్చుండవు. కొత్తగా నేర్చువారు వీనితో మొదలుపెట్టుట మంచిది.

కాపులు ముగిసిన పిదప సంచులలో మిగిలిన కంపోస్టు మరల పుట్టగొడుగులకు పనికిరాదు, పొలమునకు పనికివచ్చును. వెంటనే చల్లినచో అందలి లవణములు లేతమొక్కలకు హాని చేయును. కావున దానిని మొదట ఆవిరితో శుద్ధిచేసి, పెంపకపు గదులకు దూరముగా గుంటలో పోసి, ఒక వానకాలము తడియనిత్తురు. లవణములు కొట్టుకొనిపోయి, గడ్డి ఆనవాలు తెలియని నల్లని మెత్తని మన్ను మిగులును. దానిని కూరగాయల మళ్ళకు ఎత్తుదురు.